పేరున్నవారి నమ్మకం వైద్యానికి రుజువు కాదు

సంపాదకుడు గారికి,

మా కావలిలో హోమియో మందుల గురించి మాట వస్తే చాలు, “అంతటి మహానుభావులే నమ్మారు” అంటారు. వారి పేర్లు నిజమే. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ కలకత్తాలో ఎం.డి. పట్టా పొంది కూడా 1867లో హోమియోపతి వైపు నిలిచారు. తోటి వైద్యుల వెలిని భరించారు. బెంగాల్ సంఘ సంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నేటి జార్ఖండ్‌లోని కర్మాటాఁడ్‌లో సంతాల్ గిరిజన పేదలకు ఈ మందులు ఉచితంగా పంచారు. జెసూట్ మతగురువు ఫాదర్ ముల్లర్ 1880లో మంగళూరు కంకనాడిలో చెట్టు కింద మందులివ్వడం మొదలుపెట్టి, కుష్ఠు రోగులకూ ఆశ్రయం కల్పించారు. ఎవరూ ముట్టని మనుషులను వారు ముట్టుకున్నారు. అందుకు చేతులెత్తి మొక్కుతాను.

కానీ గొంతు క్యాన్సర్‌తో బాధపడిన రామకృష్ణ పరమహంసకు 1885లో వైద్యం చేసింది ఆ సర్కార్ గారే. అంత భక్తి, అంత శ్రద్ధ ఉన్నా 1886 ఆగస్టులో పరమహంస కన్నుమూశారు. ఆనాడు ఆ జబ్బుకు ఏ వైద్యంలోనూ మందు లేదు. నేడు పరిస్థితి వేరు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి పరిశీలించి, ఏ జబ్బుకూ హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. ముల్లర్ పేరిట ఉన్న సంస్థలోనే ఇప్పుడు అల్లోపతి వైద్య కళాశాల కూడా నడుస్తోంది.

ఈ పేర్లు విని చక్కెర వ్యాధి, రక్తపోటు మాత్రలు మానేస్తున్న పెద్దలను చూస్తుంటే భయం వేస్తోంది. మాత్రలు ఆపే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరును అడగాలని మీ జిల్లా పేజీలో తరచూ రాయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా