పది ఇటుకల స్క్రీన్ మీద మారియో

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? పోయిన ఉత్తరంలో ఓ మాట రాశావు, పాత గేమ్‌ని చేతిలో పట్టే మెషీన్‌లోకి తెస్తే అది సగం గేమే అవుతుందని. అది చదివినప్పటినుంచీ నీతో వాదన పెట్టుకోవాలని ఒకటే తహతహగా ఉంది. అందుకే ఈసారి వేరే కబుర్లేవీ లేవు, మొత్తం ‘సూపర్ మారియో బ్రదర్స్ డీలక్స్’ గురించే. తీరిగ్గా కూర్చుని చదువు.

1985లో ఫ్యామికామ్ (టీవీకి తగిలించి ఆడే నింటెండో మెషీన్) మీద వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌నే నింటెండో 1999లో చేతిలో పట్టే గేమ్ బాయ్ కలర్ కోసం మళ్లీ తయారుచేసింది. చిక్కంతా స్క్రీన్‌తోనే. పాత గేమ్ బొమ్మ 256 పిక్సెళ్ల వెడల్పు, 240 ఎత్తు. గేమ్ బాయ్ కలర్‌కి ఉన్నది 160 వెడల్పు, 144 ఎత్తు. అంటే చోటు మూడో వంతుకి కాస్త ఎక్కువ, అంతే! ఆ గేమ్‌లో ఒక్కో ఇటుక 16 పిక్సెళ్లు కదా, ఆ కొలతలో చెప్తా విను: అడ్డంగా 16 ఇటుకలు కనపడేచోట ఇప్పుడు 10, నిలువునా 15 కనపడేచోట 9.

వాళ్ల ముందు రెండు దారులున్నాయి. బొమ్మల్ని కుదించి లెవెల్‌ని ఎక్కువగా చూపించడం ఒకటి. బొమ్మల సైజు ముట్టుకోకుండా, కనపడే మేర తగ్గించడం ఇంకొకటి. వాళ్లు రెండోది పట్టుకున్నారు, నన్నడిగితే గేమ్‌ని బతికించింది అదే. ఎందుకో చెప్పనా? మారియో ఆటంతా గెంతులోనే ఉంది. బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు ఎగురుతాడు, పరుగెత్తుకొస్తే ఇంకా పైకి పోతాడు. పైపులూ గోతులూ ఇటుకలూ అన్నీ ఆ గెంతుకు తగ్గట్టు పేర్చినవే. 1-1లో, అంటే మొదటి ప్రపంచం మొదటి లెవెల్‌లో, గూంబా అనే పుట్టగొడుగులాంటి శత్రువు మొదటిసారి ఎదురొచ్చే చోటు గుర్తుందిగా? దాన్ని తప్పించుకోవడానికి గెంతితే పైనున్న ఇటుకకి తల తగులుతుంది, అలా ఆడుతూనే నేర్చేసుకుంటాం. చేతిలో గేమ్ బాయ్ పెట్టుకున్నా అక్కడ బొటనవేలు పాత పద్ధతిలోనే కదులుతుంది. కొత్తగా అలవాటు చేసుకోవాల్సిందేమీ లేదు.

నష్టం లేదని మాత్రం అనను. వేగం అందుకున్న మారియో పది ఇటుకల దూరాన్ని ఇంచుమించు ఒక్క సెకనులో దాటేస్తాడు. అంటే ముందు ఏముందో చూసి ఆలోచించే టైమ్ బాగా తగ్గిపోయింది. 3-1లో సుత్తులు విసిరే తాబేళ్లు, హ్యామర్ బ్రదర్స్ ఇద్దరూ పైన ఒకడు, కింద ఒకడు నిలబడతారు కదా, అక్కడైతే విసిరినవాడు కనపడకముందే సుత్తి నెత్తి మీదికి వస్తుంది. టీవీ మీద ఒక్క ఊపులో దాటే లెవెల్‌ని ఇక్కడ ఆగి, చూసి, అడుగేయాలి. టెన్షన్ కూడా ఎక్కువే. ఆ మేరకు నీ మాట ఒప్పుకుంటాను.

దీనికి వాళ్లు చేసిన ఉపాయం చిన్నదే. పైకి, కిందికి బటన్ నొక్కితే స్క్రీన్ అటు జరుగుతుంది, అక్కడేముందో తొంగి చూడొచ్చు. 1-2లో కప్పు మీద పరుగెత్తి వార్ప్ జోన్‌కి (కొన్ని ప్రపంచాలు దాటేసి ముందుకు పోయే అడ్డదారికి) పోయే దారి ఉంది కదా, ఇక్కడ దాన్ని నిజంగా వెతుక్కోవాలి. దారి తెలిసినవాడికి కూడా కొత్త చోటికి వచ్చినట్టుంటుంది. నాకైతే అది భలే నచ్చింది.

ఇక సేవ్ సంగతి. పాత గేమ్‌లో సేవ్ అన్నదే లేదు, కూర్చుంటే ఒక్క విడతలో ముగించాలి. డీలక్స్‌లో ఆపిన చోటునుంచి అందుకోవచ్చు. జేబులో పెట్టుకు తిరిగే ఆటకి ఇది ఉండితీరాలి.

నీ వాదనకి నా అసలు జవాబు మాత్రం ఛాలెంజ్ మోడ్. లెవెళ్లు అవే, కాకపోతే ఒక్కోదాంట్లో ఐదు ఎర్ర నాణేలు, ఎక్కడో దాచిన ఒక యోషి (మారియో నేస్తమైన డైనోసార్) గుడ్డు, దాటాల్సిన ఒక స్కోరు. గుడ్డేమో కంటికి కనపడని ఇటుకలో ఉంటుంది, ఖాళీగా ఉన్న చోటల్లా గెంతి తల కొట్టి చూడాల్సిందే. మనం పరుగున దాటేసి ఎన్నడూ తిరిగి చూడని మూలలన్నీ ఇప్పుడు పనికొస్తాయి. స్క్రీన్ చిన్నదవడం ఇక్కడ కలిసొచ్చింది కూడా. మొత్తం ఒకేసారి కనపడితే వెతుకులాటలో మజా ఏముంటుంది చెప్పు? మామూలు ఆటలో తెచ్చుకున్న స్కోరు కూడా ఊరికే పోదు. లక్ష పాయింట్లు దాటితే బూ అనే దెయ్యంతో పందెం తెరుచుకుంటుంది. మనం గోడలు చుట్టి పోతుంటే అది గోడల్లోంచి దూసుకుపోతుంది. దాన్ని ఓడిస్తే ఇంకా వేగమైనది వస్తుంది. మూడు లక్షలు దాటితే 1986లో జపాన్‌లో వచ్చిన ఆ కఠినమైన రెండో మారియో లెవెళ్లు కూడా దొరుకుతాయి. గాలి వీచి మారియోని ముందుకి తోసే చోట్లు, ఎనిమిదో ప్రపంచం తర్వాతివీ తీసేశారు, అది నాకు బాధే. పెట్టాక మొత్తం పెట్టాల్సింది.

ఇంకో దారిలో పోయిన గేమ్ కూడా ఉంది, 1994లో గేమ్ బాయ్ మీద వచ్చిన డాంకీ కాంగ్. 1981 నాటి ఆర్కేడ్‌లోని నాలుగు లెవెళ్లూ మొదట్లోనే అయిపోతాయి. హమ్మయ్య అనుకునేలోపు డాంకీ కాంగ్ అనే ఆ కోతి, మారియో కాపాడాల్సిన అమ్మాయి పోలీన్‌ని మళ్లీ ఎత్తుకుపోతుంది, మొత్తం 101 లెవెళ్ల దాకా సాగుతుంది. తాళంచెవిని మోసుకెళ్లి తలుపు తీయడం, చేతుల మీద నిలబడి పైనుంచి పడేవాటిని ఆపడం, అదో వేరే ఆట. దాని గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది.

నువ్వు ముందు డీలక్స్ ఆడు. నేరుగా ఛాలెంజ్ మోడ్‌కి పరుగెత్తకు, మామూలు ఆటలో 3-1 దాటి, ఆ సుత్తుల దగ్గర ఏమనిపించిందో రాయి. ఇద్దరం కేబుల్ కలుపుకుని పందెం ఆడే ఏర్పాటు కూడా ఉంది అందులో. ఈసారి కలిసినప్పుడు నీ గేమ్ బాయ్ తెచ్చుకో, కేబుల్ నేను చూస్తా.

ఉంటా మరి,
నీ మామ