వానోస్ సీళ్లు మార్చడంలో తోడ్పడిన ఇద్దరికి కృతజ్ఞతలు

పోయిన శని, ఆదివారాలు రెండూ టెక్సస్‌లోని ప్లేనోలో మా గ్యారేజీలోనే గడిపి, నా 2003 నాటి బీఎండబ్ల్యూ 325ఐ ఇంజనులో అరిగిపోయిన వానోస్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సవరించే యూనిట్) సీళ్లను దగ్గరుండి మార్పించిన ఇద్దరికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని ఇద్దరూ కోరారు కనుక రాయడం లేదు. ఒకరు మా పక్కింటివారి నాన్నగారు, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరై, ఆరు నెలలకని కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన. మేమంతా బాబాయి గారు అంటాం. రెండోవాడు మా ఆఫీసులో పనిచేసే ఖమ్మం కుర్రవాడు, నాకు తమ్ముడి వరస.

ఏడాదిగా ఈ కారు మూడు వేల ఆర్‌పీఎం దాటేదాకా బద్ధకంగా లాగి, ఆ పైన ఒక్కసారిగా ఉరికేది. ఉదయం చల్లటి ఇంజను ఐడిల్‌లో తడబడేది. ఇంత జరుగుతున్నా డాష్‌బోర్డు మీద ఒక్క దీపమూ వెలగలేదు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, విప్పి చూడకుండానే యూనిట్ మొత్తం మార్చాలని పద్దెనిమిది వందల డాలర్ల అంచనా చేతిలో పెట్టారు. అప్పుడు తమ్ముడు అడ్డుపడి, గాలి గొట్టాలకు పగుళ్లు ఉన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయని చెప్పి, పొగ పట్టించి, ఎక్కడా లీకు లేదని తేలాకే సీళ్ల మాట ఎత్తాడు. ఆ వరసలో వెళ్లడం నాకు తోచేది కాదు.

సిలిండర్ హెడ్ ముందువైపు బిగించి ఉండే ఆ అల్యూమినియం వానోస్ యూనిట్‌లో ఇన్‌టేక్ కామ్‌షాఫ్ట్‌కు ఒకటి, ఎగ్జాస్ట్ కామ్‌షాఫ్ట్‌కు ఒకటి చొప్పున రెండు చిన్న పిస్టన్లు ఉంటాయి. ఆయిల్ ఒత్తిడికి అవి ముందుకూ వెనక్కూ జరిగినప్పుడు, ఏటవాలు పళ్లున్న షాఫ్ట్ ఆ కదలికను తిప్పుడుగా మార్చి, వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఇంజను వేగానికి తగ్గట్టు సవరిస్తుంది. ప్రతి పిస్టన్ చుట్టూ ఒక టెఫ్లాన్ రింగు, దాన్ని లోపలినుంచి గోడకు అదిమి పట్టే రబ్బరు ఓ-రింగు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో ఉన్న రబ్బరు బిగుసుకుపోతే టెఫ్లాన్ రింగు వదులై ఆయిల్ పక్కలనుంచి జారిపోతుంది, కామ్‌షాఫ్ట్ ఉండవలసిన చోట నిలవదు. ఇది బాబాయి గారికి ఒక్కసారి చెబితే చాలింది. "బస్సు ఎయిర్ బ్రేకు సీలు సంగతీ ఇంతే నాయనా" అని కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.

యూనిట్‌ను చేరడానికి ముందు రేడియేటర్ ఫ్యాన్ తీయాలి. ఆ ఫ్యాన్ నట్టు దగ్గరే మొదటి తప్పు చేయబోయాను. ఆ 32 మిల్లీమీటర్ల నట్టుది రివర్స్ థ్రెడ్, అంటే ఎదురువైపు తిప్పితేనే వదులయ్యేది. నేను మామూలు వైపు తిప్పి బలం పెడుతుంటే తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపాడు. యూనిట్ లోపల పిస్టన్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే టార్క్స్ (నక్షత్రం గాడి ఉన్న) స్క్రూలు కూడా అలాంటివేనని మొదటే హెచ్చరించాడు, లేకపోతే వాటి తలలు నా చేతిలోనే అరిగిపోయేవి.

పాత ఓ-రింగులను పిస్టన్ గాడిమీద గీత పడకుండా తీయడం బాబాయి గారి చేతి చలవ. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, సన్నటి బ్లేడుతో కోసి తీసి నా అరచేతిలో పెడితే, గుండ్రంగా ఉండవలసిన రబ్బరు పలకలా అణిగిపోయి, వంచబోతే పెళుక్కున విరిగింది. కొత్త ఓ-రింగులు వేడినీ ఆయిల్‌నూ తట్టుకునే విటాన్ అనే రబ్బరువి. వాటి మీదికి టెఫ్లాన్ రింగు సాగక మొరాయిస్తే, మా ఆవిడ టీ గిన్నెలో కాచిన నీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక ఆయనే ఎక్కించారు. పాత సీళ్లతో వేలు తగిలితే చాలు జారిపోయిన పిస్టన్, కొత్తవి వేశాక బొటనవేలితో గట్టిగా నొక్కితే తప్ప కదలలేదు. అది చూశాక నాకిక అనుమానం మిగలలేదు. (టీ గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదు. ఆ విషయంలో మా ఆవిడకు కృతజ్ఞతలతో పాటు క్షమాపణలు కూడా.)

కొత్త గ్యాస్కెట్ వేసి వాల్వ్ కవర్ నట్లు బిగించేటప్పుడు తమ్ముడు బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ నా చేతికిచ్చి, 10 న్యూటన్ మీటర్లు దాటనివ్వలేదు. సామాన్ల ఖర్చు మొత్తం వంద డాలర్ల చిల్లర. సీళ్లు కుదురుకోవడానికి రెండు వందల మైళ్లు పట్టింది; నిన్న ఆఫీసుకు వెళ్తూ రెండు వేల ఆర్‌పీఎం దగ్గరే కారు ముందుకు లాగడం తెలిసింది.

బాబాయి గారు వచ్చే నెల విజయవాడ వెళ్లిపోతున్నారు. ఈ ఆదివారం ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని హైవే మీద తిప్పి తీసుకొస్తానని మాటిచ్చాను. ఫ్యాన్ నట్టుకు కొన్న 32 మిల్లీమీటర్ల స్పానర్ నా దగ్గరే ఉంది. చుట్టుపక్కల ఇదే ఇంజనుతో అవస్థ పడుతున్నవారు మొహమాటపడకుండా అడిగి పట్టుకెళ్లవచ్చు.