అబ్షాలోము కోపం అబద్ధం కాదు, చిన్నా

చిన్నా,

మొన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. ఫోన్‌లో మాట్లాడితే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం, అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

"నాన్న స్టేజి మీద కూర్చుంటే చెల్లి పెళ్లి ప్రధానానికి నేను రాను, మందిరంలో మైకు పట్టుకుని ‘పాతవి గతించెను’ అని సాక్ష్యం చెబితే దాని ఆగిపోయిన చదువు వెనక్కి వస్తుందా" అని అడిగావు. రాదు. బోదె పక్క చేను మీ నాన్నగారి పేకాటలో పోయింది, నీ కాలేజీ ఫీజుకని నేను కట్టిన చీటీ డబ్బులు పోయాయి, చెల్లి డిగ్రీ మధ్యలో మానేసి బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడింది. మీ నాన్నగారిని ప్రభువు క్షమించాడని నేను పూర్తిగా నమ్ముతున్నాను. అయినా ఆ చేను ఇప్పటికీ వేరేవాళ్ల పేరు మీదే ఉంది, దాని పక్క నుంచి మందిరానికి వెళ్లే ప్రతి ఆదివారం నాకూ గుండె పిండేసినట్టే ఉంటుంది. కాబట్టి ఏమీ జరగనట్టు ఉండమని నీకు చెప్పను.

దావీదు గురించి సండేస్కూల్లో మనం గొల్యాతును కొట్టిన దాకా చెప్పి ఆపేస్తాం. నువ్వు ఒకసారి రెండో సమూయేలు 11 నుంచి 18 వరకు కూర్చుని చదువు. దావీదు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను తెప్పించుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. ప్రవక్త నాతాను వచ్చి నిలదీస్తే దావీదు సాకులు చెప్పలేదు, పాపం చేశానన్నాడు, నువ్వు చావకుండా యెహోవా నీ పాపాన్ని పరిహరించాడని అక్కడికక్కడే జవాబు వచ్చింది. ఒక్క వచనంలో క్షమాపణ దొరికింది. ఆ తర్వాతి అధ్యాయం తిప్పితే దావీదు పెద్దకొడుకు అమ్నోను తన సొంత తండ్రి కూతురైన తామారును చెరిచాడు. దావీదుకు చాలా కోపం వచ్చిందని రాసి ఉంది గానీ కొడుకును ఏం చేశాడో రాసి లేదు. ఊరియా విషయంలో తల దించుకున్న మనిషి కొడుకు ముందు ఏ ముఖంతో తల ఎత్తుతాడు? (ఇది నా ఆలోచన, వాక్యంలో లేదు.) తర్వాత తామారు సొంత అన్న అబ్షాలోము తండ్రి మీద తిరగబడినప్పుడు వాడి పక్కన చేరి సలహాలిచ్చిన అహీతోపెలు కూడా బయటివాడు కాదనుకుంటాను. బత్షెబ తండ్రి పేరు ఏలీయాము అని 11లో ఉంది, ఏలీయాము అహీతోపెలు కొడుకని 23లో ఉంది. ఇద్దరు ఏలీయాములూ ఒకరే అయితే అతను బత్షెబకు తాత అన్నమాట. ఒక్క సాయంత్రం మేడ మీద మొదలైన తప్పు ఎంతమంది ఇళ్లల్లోకి వెళ్లిందో చూడు.

అసలు నేను చెప్పాలనుకున్నది అబ్షాలోము గురించి. నీ మెసేజ్ చదువుతుంటే వాడే గుర్తొచ్చాడు, కోప్పడకు. వాడి కోపం అబద్ధం కాదు. తండ్రి ఏమీ చేయకపోతే చెల్లిని తన ఇంట్లో పెట్టుకున్నాడు, తన కూతురికి కూడా తామారు అనే పేరు పెట్టుకున్నాడు, అంత ప్రేమ వాడికి. కానీ అమ్నోనుతో మంచీ చెడూ ఏదీ మాట్లాడకుండా రెండేళ్లు లోపలే దాచుకుని, గొర్రెల బొచ్చు కత్తిరించే విందుకని పిలిచి చంపించాడు. మూడేళ్లు తల్లి పుట్టిల్లు గెషూరులో దాక్కున్నాడు. తిరిగొచ్చాక యెరూషలేములోనే ఉండి రెండేళ్ల పాటు తండ్రి ముఖం చూడలేదు, ఒకే ఊళ్లో. చెల్లి కోసం మొదలైన కోపం తండ్రి సింహాసనం మీదకి వెళ్లింది, ఆఖరికి తల చెట్టు కొమ్మల్లో ఇరుక్కుని వేలాడుతుండగా దావీదు సేనాపతి యోవాబు చేతిలో చచ్చాడు, దావీదు "నా కుమారుడా అబ్షాలోమా" అని గది ఎక్కి ఏడ్చాడు. మరి తామారు ఏమైంది? ఆ అధ్యాయం తర్వాత ఆ కథలో ఆమె ఊసే లేదు. అన్న ఆమెను ఊరుకోమన్నాడు, తండ్రి ఊరుకున్నాడు, నీకేం కావాలమ్మా అని ఆమెను అడిగిన మనిషి ఒక్కడూ కనపడడు.

క్షమించడమంటే అన్నీ వదిలేసి మళ్లీ తాళాలు చేతిలో పెట్టేయడం అని నువ్వు అనుకుంటున్నావు, అలా ప్రసంగాలు చేసేవాళ్లు కూడా ఉన్నారు, నేను ఒప్పుకోను. యేసు చెప్పిన ఉపమానంలో తప్పిపోయిన కుమారుడికి తండ్రి ఉంగరం పెట్టాడు, క్రొవ్విన దూడను కోయించాడు, కానీ వాడు తగలేసిన వాటా మళ్లీ పంచి ఇచ్చాడని ఎక్కడా లేదు. పెద్దకొడుకుతో నావన్నీ నీవే అన్నాడు. మన ఇంట్లోనూ అంతే. ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంటుంది. శనివారం మిల్లులో ఇచ్చిన కవరు మీ నాన్నగారు విప్పకుండా తెచ్చి స్టవ్ గట్టు మీద పెడతారు, టీ డబ్బులు నన్ను అడిగి తీసుకుంటారు. ఒక్కరోజు కూడా ముఖం మాడ్చుకోలేదు. పోయిన సంక్రాంతికి ఊరంతా బరుల దగ్గరుంటే పండగ మూడు రోజులూ మందిరం గోడలకు రంగులు వేస్తూ గడిపారు. ఆయన సాక్ష్యం కంటే నేను ఆ కవరునే నమ్ముతున్నాను. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా ఊరికే ఏడ్చి ఊరుకోలేదు కదా, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

కుష్ఠురోగులకు సేవ చేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారి సంగతి నీకు తెలుసు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆయన్నీ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతినీ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టేశారు. ఆయన భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లను క్షమించానని చెప్పారు, బారిపదలో కుష్ఠురోగుల మధ్య ఇంకా కొన్నేళ్లు ఉండి సేవ చేశారు. కోర్టు పని కోర్టు చేసింది, ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. ఆవిడ క్షమాపణ ఆ కేసును ఆపలేదు, ఆ కేసు ఆవిడ క్షమాపణను చెరపలేదు. నేను ఆవిడంత దాన్ని కాను, ఆవిడ పోగొట్టుకున్నదాంట్లో పిసరంత కూడా నేను పోగొట్టుకోలేదు. కానీ నాకు ఎక్కువ కష్టంగా ఉన్న రోజున ఆవిడనే తలుచుకుంటాను.

ఇంకోటి. మన కుటుంబం మీద తరతరాల శాపం ఉందని ప్రార్థనకు వచ్చినాయన ఎవరో అన్నారట, అప్పటి నుంచి నీకు పెళ్లంటేనే టెన్షన్ అని చెల్లి చెప్పింది. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక పలకొద్దని యెహేజ్కేలు 18లో దేవుడే అన్నాడు, తండ్రి దోషం కొడుకు మోయడని అక్కడే ఉంది. పది ఆజ్ఞల్లో తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా వస్తుందన్నచోటే, తర్వాతి వచనంలో, వెయ్యి తరాల వరకు కరుణ అని ఉంది. నీ మీద ఏ శాపమూ లేదురా. నువ్వు మోస్తున్నవి అప్పు తాలూకు కష్టాలు, వాటిని సగం పైగా తీర్చేశాం.

నాన్నగారిని కౌగిలించుకోమని అడగను. యోసేపు కూడా తనను అమ్మేసిన అన్నలు కనపడగానే వాటేసుకోలేదు, వాళ్లు మారారో లేదో చూసి చూసి, అన్న యూదా, తమ్ముడు బెన్యామీను బదులు నేనుంటానన్న తర్వాతే తానెవరో చెప్పి వాళ్ల ముందు ఏడ్చాడు. ఐగుప్తుకు వచ్చి వాళ్ల నాన్న యాకోబు 17 ఏళ్లు బతికాడు, ఆయన పోగానే అన్నలకు మళ్లీ భయం పట్టుకుంది. కాబట్టి నీకు ఎంత టైం కావాలో అంత తీసుకో. పలకరింపు మాత్రం పూర్తిగా మానేయకు, ఆయన ఎదురైతే తల పక్కకు తిప్పుకోకు, ఇప్పటికి నాకు అది చాలు.

స్టేజి మీద ఎవరు కూర్చోవాలో నువ్వూ నేనూ తేల్చేది కాదు, ప్రధానం దానిది. చదువు ఆగిందీ దానిదే. దానికి ఏం కావాలో నువ్వు అడగలేదు, నర్సింగ్‌లో చేరాక అది ఏమంటుందో కూడా నీకు తెలియదు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగుతుంది, మూడు తర్వాత ఫోన్ చెయ్యి. అది చెప్పేది పూర్తిగా విను, ఆ తర్వాతే టికెట్ సంగతి నాతో మాట్లాడు, నరసాపురం ఎక్స్‌ప్రెస్‌కి ఇప్పటి నుంచే వెయిటింగ్ లిస్ట్ పెరిగిపోతోందట.

ప్రేమతో,
అమ్మ