పక్షవాతం తరువాత బిగిసిన కాలికి షాక్‌వేవ్ చికిత్స

సంపాదకుల వారికి,

పక్షవాతం వచ్చి ఏడాది దాటినా, పిక్క కండరం బిగిసి మడమ నేలకు ఆనక మునివేళ్ల మీదనే కాలీడుస్తున్న మా నాన్నగారికి ఫిజియోథెరపిస్టు షాక్‌వేవ్ చికిత్స సూచించగా, ఇంటిల్లిపాదీ కరెంటు షాక్ అనుకుని హడలిపోయాము. అది కరెంటు కాదు. 1980 నుంచి మూత్రపిండాలలోని రాళ్లను పగలగొట్టడానికి వాడుతున్న ధ్వని తరంగాల వంటివాటినే, తక్కువ తీవ్రతతో, సూది గుచ్చకుండా చర్మం పైనుంచి కండరంలోకి పంపుతారు. బిగువు కొన్ని వారాలపాటు సడలుతుందని పరిశోధనలు చెబుతున్నా, నడక మెరుగవుతుందనడానికి ఆధారాలు అంత బలంగా లేవు. కండరాన్ని సాగదీసే వ్యాయామాలు, నడక సాధన మానేసి దీనినే నమ్ముకుంటే డబ్బు దండగ. కావలి నుంచి నెల్లూరుకు ఇటువంటి రోగిని బస్సెక్కించడమే ఒక యాతన కనుక, చిన్న పట్టణాలలోనూ పక్షవాత రోగులకు క్రమం తప్పని ఫిజియోథెరపీ అందేలా అధికారులు చూడాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా