సంతకాల పెట్టెలు అప్పగించి వచ్చాము

ప్రియమైన ప్లీడరు గారికి,

ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదని పోయిన ఉత్తరంలో వాపోయావు కనుక, ఈసారి మరో పేరు వాడడం లేదు. జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. అమ్మ మోకాలు నయమైంది, పిల్ల కొత్త బడికి అలవాటు పడింది, నా ఉద్యోగం ఉన్నచోటనే ఉంది. మిగిలిన క్షేమసమాచారాలు మా ఆవిడ మీ ఆవిడకు ఫోనులో ఎలాగూ చెప్పే ఉంటుంది. నేను రాయదలచుకున్నది వేరే. ఈ మధ్యాహ్నం మా వీధివాళ్లమంతా కలిసి, మేము రాసిన ఒక చట్టాన్ని ఓటుకు పెట్టాలని కోరే సంతకాలతో నిండిన కాగితాల పెట్టెలను, నగర ఎన్నికల పనులు చూసే సిటీ క్లర్కు కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకుని వచ్చాము. ఇది నీకు చెప్పకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

మా పార్కును ఆనుకుని నగరానికి చెందిన స్థలం ఒకటి ఉన్నదని, సాయంత్రాలు అక్కడ పిల్లలు క్రికెట్ ఆడతారని నీకు ఇదివరకు రాశాను. దానిని అమ్మే ఆలోచన ఉన్నట్టు ఒక నగర కౌన్సిల్ సమావేశంలో బయటపడింది. నువ్వైతే సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుని వెళ్లేవాడివి. మా ఎదురింట్లో విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరున్నారు. ఆవిడ మమ్మల్నందరినీ పిలిచి కాఫీ ఇచ్చి, కౌన్సిల్‌ను బతిమాలుకోవడం దేనికి, చట్టమే మనం రాసి ఊరివాళ్ల ముందు ఓటుకు పెడదాం అన్నారు. కాలిఫోర్నియాలో ఆ హక్కు 1911 నుంచి ఉంది. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ శాసనసభను గుప్పిట్లో పెట్టుకున్న రోజులలో, హైరమ్ జాన్సన్ గవర్నరుగా వచ్చి, ఓటర్ల ఆమోదంతో దానిని రాజ్యాంగంలో చేర్పించాడు. పౌరులు స్వయంగా రాసి ఓటుకు పెట్టే ఇటువంటి చట్టాన్ని ఇక్కడ ఇనిషియేటివ్ అంటారు.

చట్టం రాయడమంటే మన హాస్టలు మెస్సు సాంబారు మీద నువ్వు రాసిన మహజరు వంటిది కాదు. “ఫలానా స్థలాన్ని ఫలానా వారికి అమ్మవద్దు” అని రాస్తే అది పరిపాలన నిర్ణయంలో వేలు పెట్టడమేనని కోర్టు కొట్టివేసే ప్రమాదం ఉంది. అందరికీ ఎల్లకాలం వర్తించే నియమంగా రాయాలి. కాబట్టి నగరానికి చెందిన ఏ పార్కు స్థలాన్ని అమ్మాలన్నా ముందుగా ఓటర్ల ఆమోదం పొందాలి అన్నది మా చట్టమైంది. ఈ ఒక్క వాక్యం చుట్టూ నిర్వచనాలు, మినహాయింపులు అల్లడానికి ఒక న్యాయవాదిని పట్టుకోవలసి వచ్చింది. మా చందాలలో సింహభాగం ఆయనకే పోయింది. డబ్బు ఎక్కడైనా ఆదా చేసుకోవచ్చు గాని ఇక్కడ చేసుకోకూడదు.

అలా రాసిన చట్టం పాఠాన్ని, ఒకరి నుంచి ముగ్గురి వరకు ప్రతిపాదకులు సంతకం చేసిన ఉద్దేశ ప్రకటనతో కలిపి సిటీ క్లర్కు దగ్గర దాఖలు చేయాలి. రుసుము 200 డాలర్లకు మించకూడదు. ఏడాదిలోపు సంతకాలు సరిపోయాయని తేలితే అదీ వెనక్కి ఇచ్చేస్తారు. ఈ చట్టం ఎందుకు కావాలో చెప్పుకోవాలనుకుంటే 500 మాటలలో చెప్పుకోవాలి (నీ మహజరులో వార్డెను గారి సంబోధనకే అన్ని మాటలు పట్టాయి). తరువాత 15 రోజులలో సిటీ అటార్నీ శీర్షికను, సారాంశాన్ని తయారుచేసి ఇస్తారు. కౌన్సిల్‌కు సలహాలిచ్చే మనిషే మన చట్టానికి సారాంశం రాయడమేమిటని నేను గొణిగాను కాని, అది పక్షపాతం లేకుండా ఉండాలన్నది నిబంధన. తీరా వచ్చినదాన్ని భూతద్దం పెట్టి చదివినా తప్పు దొరకలేదు. ఆ సారాంశాన్నీ ప్రకటననూ స్థానిక పత్రికలో అచ్చు వేయించి, వేయించినట్టు రుజువును 10 రోజులలోపు క్లర్కుకు అందజేయాలి. ఇదంతా విసుగు పుట్టించే పనే గాని, ఒక్క మెట్టు జారినా ఆ పైన పోగుచేసిన సంతకాలన్నీ వృథా అవుతాయి.

సారాంశం చేతికందిన నాటి నుంచి 180 రోజుల గడువు. మా వంటి నగరాలలో నమోదైన ఓటర్లలో పదిశాతం మంది సంతకాలు కావాలి, అంటే 60 వేలమంది ఓటర్లున్న చోట 6 వేలు. సొంత చార్టర్, అంటే తమకు తామే రాసుకున్న పాలనా నియమావళి, ఉన్న నగరాలలో లెక్క వేరుగా ఉండవచ్చు. చెల్లని సంతకాల కొట్టివేతలు తప్పవు గనుక నాలుగో వంతైనా అదనంగా తెచ్చుకోవాలి. ఓటరు తన పేరు, చిరునామా తన చేత్తోనే రాయాలి, ఆ చిరునామా ఓటర్ల జాబితాలో ఉన్నదే కావాలి. భార్య తరఫున భర్త పెట్టేస్తానంటే కుదరదు. నీ ఎడమచేతి సంతకాలు గుర్తుకొచ్చి నేను ఒక్కడినే నవ్వుకుంటుంటే, టీచరు గారు కారణమేమిటని అడిగారు. పదహారో నంబరు గది సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పను?

మా పక్క ఊరు క్యాంప్‌బెల్‌లో ప్రూన్‌యార్డ్ అనే దుకాణాల సముదాయం ఉంది. అక్కడ సంతకాలు సేకరిస్తున్న హైస్కూలు విద్యార్థులను యాజమాన్యం పంపివేస్తే, ఆ తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1980లో పిల్లల పక్షాన తీర్పు వచ్చింది. ఆ ధైర్యంతో ఒక కిరాణా కొట్టు గుమ్మం ముందు బల్ల వేయబోయాము గాని, ఆ తీర్పు పెద్ద సముదాయాల ఉమ్మడి ఆవరణలకే గాని విడి కొట్ల గుమ్మాలకు వర్తించదని న్యాయవాది చెప్పడంతో, బల్ల గ్రంథాలయం ముందున్న కాలిబాట మీదికి మారింది.

అక్కడ నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. మనవాళ్లు చాలామంది ఆగేవారు, తెలుగులో పలకరించేవారు, పార్కు గురించి నాకంటే ఎక్కువ బాధపడేవారు, కాని కలం చేతికివ్వగానే వెనక్కి తగ్గేవారు. పన్నులు కడతారు, ఇల్లు కొనుక్కున్నారు, పిల్లలు ఇక్కడే పుట్టారు, కాని గ్రీన్ కార్డు వరుసలో ఇంకా నిలబడే ఉన్నారు. సంతకం పెట్టేది నమోదైన ఓటరే కావాలి, ఓటరు కావాలంటే పౌరసత్వం ఉండాలి. నాకు ఆ ప్రమాణం ఈ మధ్యనే అయింది గనుక వాళ్ల ముఖాలు చూడడం కష్టమనిపించింది. వాళ్లలో గుంటూరాయన ఒకరు చట్టం పాఠం మొత్తం నిలబడి చదివి, కలం తిరిగి ఇచ్చేసి, సంతకం పెట్టడానికి పౌరసత్వం కావాలి సరే, కాగితం పట్టుకు తిరగడానికి కూడా కావాలా అని అడిగారు. అక్కరలేదు! 18 ఏళ్లు నిండి, సంతకాలు తన కళ్ల ముందే జరిగాయని అబద్ధపు సాక్ష్యం నేరానికి లోబడి ప్రకటన రాసి ఇస్తే చాలు. ఆయన వారాంతాలన్నీ మాతో గడిపారు. ఒక్కొక్కరి చేతా చిరునామా బిగ్గరగా చదివించేవారు కాబట్టి ఆయన కాగితాలలో కొట్టివేతలు అతి తక్కువ.

డబ్బున్నవాళ్లు సంతకాలను కూలి ఇచ్చి పోగుచేయిస్తారు. అందుకే సేకరించేది కూలిమనిషో స్వచ్ఛంద సేవకుడో అడిగే హక్కు మీకుందని పిటిషను మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఈ కూలి వ్యవహారమే, దాని మీద నీతో ఒక రాత్రంతా వాదించవచ్చు. అయితే 2012లో మా పొరుగున శాన్ హోసేలో గంటకు 8 డాలర్ల కనీస వేతనాన్ని 10 డాలర్లకు పెంచిన ఇనిషియేటివ్, స్టేట్ యూనివర్సిటీ సోషియాలజీ తరగతిలో విద్యార్థుల ఆలోచనగా మొదలైందని తెలిశాక నా వాదన కొంత మెత్తబడింది.

ఇక మా పెట్టెల సంగతి. సెలవులు పోను 30 రోజులలో సంతకాలు పరీక్షిస్తారు. 500 గాని, మూడు శాతం గాని, ఏది ఎక్కువైతే అన్నింటిని ముందు మచ్చుకు తీసి చూస్తారు. ఆ లెక్క ప్రకారం కావలసిన సంఖ్యలో 95 శాతానికి తక్కువ పడితే పని ముగిసినట్టే, 110 దాటితే గెలిచినట్టే, మధ్యలో ఉంటే ప్రతి సంతకాన్నీ చూస్తారు. మచ్చులో ఒకే మనిషి రెండుసార్లు తగిలితే, మొత్తంలో అటువంటివి ఎన్ని ఉంటాయో అంచనా కట్టి చాలానే కోసేస్తారు. సరిపోతే కౌన్సిల్ మా చట్టాన్ని అక్షరం మార్చకుండా ఆమోదించాలి, లేదా ఓటుకు పెట్టాలి, కాదంటే 30 రోజులలో నివేదిక తెప్పించుకుని ఆ రెండింటిలో ఒకటి చేయాలి. ఓటుకే పెడితే, ఉత్తర్వు నాటికి కనీసం 88 రోజుల దూరంలో ఉన్న తరువాతి నగర ఎన్నికలో వస్తుంది. అక్కడ మెజారిటీ వస్తే, చట్టంలోనే వేరుగా రాసుకుంటే తప్ప, ఓటర్లను అడగకుండా కౌన్సిల్ దానిని మార్చలేదు. ఈ చివరి సంగతి విన్నప్పుడు నాకు మీ చెరువు కట్ట, నువ్వు ఇచ్చిన అర్జీలు, వాటి మీద పడ్డ ముద్రలు...

పిల్లను సంగీతం క్లాసు నుంచి తీసుకురావలసిన వేళ దాటిపోతోంది, రెండుసార్లు ఫోను మోగింది. చెరువు సంగతి ఎంతవరకు వచ్చిందో వివరంగా రాయి.

నీ
సాంబారు సాక్షి