డయల్‌కి వేసిన తాళం

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

ఫోన్లో చెబితే సగం విని "సరేలే అమ్మా, నేను చూసుకుంటా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. సంక్రాంతి సెలవుల్లో నువ్వు పెద్దమామయ్య పాల కేంద్రంలో బిగించి వెళ్ళిన రాస్‌బెర్రీ పై, అదే ఆ అరచేతంత కంప్యూటరు పెట్టె, శుక్రవారం తెల్లారగట్ల మొరాయించింది. రాత్రి కరెంటు పోయింది, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. ఇన్నాళ్ళలో నీ పెట్టె పూర్తిగా ఆగి మళ్ళీ లేవడం అదే మొదటిసారి. అయిదుంబావుకి అన్నయ్య ఫోను. "చెల్లాయ్, కాటా మీద బరువు కనపడుతోంది, పెట్టెలోకి రావట్లేదు. జనం వచ్చేస్తున్నారు." మొదటి ఆటో పట్టుకుని వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి వరండాలో పాతికమంది క్యాన్లతో నిలబడి ఉన్నారు. అన్నయ్య పాత పద్ధతిలో పుస్తకంలో రాస్తున్నాడు. లోపలి గదిలో టీవీ తెచ్చి నీ పెట్టెకి తగిలించాం. తెరమీద ఒకటే వాక్యం, ఎర్నో 13, పర్మిషన్ డినైడ్, మళ్ళీ మళ్ళీ వస్తోంది. పక్కింటి కుర్రాడు వెంటనే "సుడో పెట్టి నడిపేద్దాం ఆంటీ" అన్నాడు. వద్దన్నాను. సుడో అంటే అన్ని హక్కులూ ఉన్న రూట్ పేరుతో నడపడమే. నీ ప్రోగ్రాం రోజుకో కొత్త ఫైలు తెరుస్తుంది కదా. సుడోతో నడిపితే ఆ ఫైలు రూట్ సొంతమైపోతుంది. సాయంత్రం పూట మామూలుగా నడిపినప్పుడు అందులో అక్షరం కూడా రాయలేదు. పొద్దున తిప్పలు సాయంత్రానికి వాయిదా వేసుకున్నట్టు అవుతుంది.

ఏం చేయడానికైనా ముందు చూడాలి. ఎవరికి ఏ హక్కుందో చూపే ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టి, పరికరాల పేర్లుండే డెవ్ కింద కాటా వైరు పేరైన టిటివైయుఎస్‌బి0 వరస చదివాను. సి, ఆర్‌డబ్ల్యు గీత, ఆర్‌డబ్ల్యు గీత, ఆ తర్వాత మూడు గీతలు. యజమాని రూట్, గ్రూపు డయలౌట్. యజమానికి చదవడం రాయడం రెండూ, గ్రూపులో వాళ్ళకీ రెండూ, బయటివాళ్ళకి ఏమీ లేదు. నీ ప్రోగ్రాం కోసం నువ్వు పాలు అని వేరే యూజర్ని తయారుచేశావు చూడు, వాడు డయలౌట్‌లో లేడు. నీ సొంత అకౌంటు మొదటి నుంచీ అందులో ఉంది, కాబట్టి నువ్వు కొట్టి చూసినప్పుడల్లా పనిచేసింది. తర్వాత చేర్చిన యూజర్‌కి ఆ హక్కు దానంతటది రాదు.

మరి సంక్రాంతి నుంచి ఎలా నడిచింది? హిస్టరీ కొట్టి చూస్తే దొరికిపోయావు. పోర్టుకి సీహెచ్‌మాడ్ 777, అంటే అందరికీ అన్ని హక్కులూ. డెవ్ అనేది డిస్కు మీద ఉండే ఫోల్డరు కాదు తల్లీ. మెమరీలో ఉంటుంది, పెట్టె లేచినప్పుడల్లా కొత్తగా పుడుతుంది. వైరు పీకి మళ్ళీ దూర్చినా అంతే. నువ్వు ఇచ్చిన 777 నీళ్ళ మీద రాసిన రాత.

ఆ డయలౌట్ అనే పేరు చూసి నాకు నవ్వొచ్చింది. నీకు గుర్తుండదు. మా ఆఫీసులో నల్ల ఫోను డయల్ కన్నంలో చిన్న ఇత్తడి తాళం వేసి ఉండేది. బయటి నుంచి కాల్ వస్తే ఎవరైనా ఎత్తి మాట్లాడొచ్చు, బయటికి తిప్పాలంటే మాత్రం తాళంచెవి ఉన్నవాళ్ళే. ఎస్టీడీ బిల్లు భయం అలాంటిది. మోడెం పెట్టి ఫోన్ లైన్ మీద బయటికి డయల్ చేసే రోజుల్లో, ఎవరెవరికి ఆ హక్కు ఇవ్వాలో చెప్పడానికి కట్టిన గ్రూపు ఇది. మోడెములు పోయాయి, తాళం మిగిలింది. టిటివై కూడా అంతే, టెలిటైప్‌రైటర్. తంతి ఆఫీసులో 50 బాడ్ వేగంతో నడిచే టెలిప్రింటర్ ముందు కూర్చున్నదాన్ని నేను. 2013 జూలైలో టెలిగ్రాములే ఆగిపోయాయి. ఇప్పుడు మీ మామయ్య గేదె పాల మధ్య మళ్ళీ ఆ మూడక్షరాలు కనిపించాయి.

సరే, పనిలోకి వస్తాను. యూజర్‌మాడ్ కొట్టాను, యూజర్ని గ్రూపులో చేర్చే ఆదేశం అది. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా రాస్తున్నాను, నవ్వకు. బయట ఒకాయన "ఎంతసేపమ్మా" అని అరుస్తుంటే కంగారులో మైనస్ పెద్ద జి డయలౌట్ పాలు అని కొట్టేశాను. చిన్న ఎ మర్చిపోయాను. ఎ ఉంటే ఉన్న గ్రూపులకి ఇంకోటి కలుపుతుంది. లేకపోతే ఉన్నవన్నీ తీసేసి ఇదొక్కటే పెడుతుంది. సర్వీసు మళ్ళీ మొదలుపెడితే బరువు వచ్చింది కానీ, బయట జనానికి కనిపించే ఆ చిన్న డిస్‌ప్లే ఆరిపోయింది. డిస్‌ప్లే వైరు ఊడిందేమోనని పది నిమిషాలు దాన్ని కదిపాను! చివరికి గ్రూప్స్ పాలు అని కొడితే అందులో డయలౌట్ తప్ప నువ్వు చేర్చినవేవీ లేవు, డిస్‌ప్లేని ముట్టుకునే హక్కిచ్చే ఐ2సి, జిపిఐఓ రెండూ ఎగిరిపోయాయి. మళ్ళీ ఎ పెట్టి మూడూ చేర్చాను. అదే ఉబుంటూ లాంటిదాంట్లో మన సొంత అకౌంటు మీద ఈ తప్పు చేసి ఉంటే సుడో గ్రూపు కూడా పోయి ఇంటి బయట నిలబడేదాన్ని.

ఇంకోటి. గ్రూపులో చేర్చినంత మాత్రాన అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాంకి ఆ సంగతి తెలియదు. లాగిన్ అయి ఉన్నవాళ్ళకీ అంతే, బయటికి వెళ్ళి మళ్ళీ రావాలి. సర్వీసు అయితే రీస్టార్ట్ చేస్తే చాలు. "చేర్చాను కదా, ఇంకా అదే ఎర్రర్" అని నువ్వు కాలేజీలో ఒక రాత్రంతా ఏడ్చింది దీనికేనని నా అనుమానం.

ఆరున్నరకి లైను కదిలింది. ఊపిరి పీల్చుకుని టీ తాగుతుంటే మళ్ళీ గోల. తెరమీద బరువు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు, పిచ్చి గుర్తులు. ఈసారి తప్పు నీది కాదు, నాది కూడా సగమే. డిస్‌ప్లే దగ్గర తడుముతూ రెండు యుఎస్‌బి వైర్లూ పీకాను. పెట్టేటప్పుడు పాలలో వెన్న శాతం కొలిచే ఫ్యాట్ మిషన్‌ది ముందు పెట్టాను. అది 0 అయింది, కాటా 1 అయింది. కాటా 9600 బాడ్ వేగం మీద మాట్లాడుతుంది, ఫ్యాట్ మిషన్ 2400. ఒకరి మాట ఇంకొకరి వేగంతో వింటే అర్థమయ్యేదేముంది? నీ ప్రోగ్రాంలో టిటివైయుఎస్‌బి0 అని గట్టిగా రాసి పెట్టడం మిగతా సగం.

డెవ్ కింద సీరియల్, దాని కింద బై-ఐడి అనే ఫోల్డరులోని పేర్లు వాడుకుందామని చూశాను, అవి వైరు గుర్తుని బట్టి ఉంటాయి. నువ్వు కొన్న రెండు వైర్లలోనూ అదే సీహెచ్340 చిప్పు. ఎల్ఎస్‌యుఎస్‌బి కొడితే రెండిటికీ అదే నంబరు, 1ఎ86, 7523. విడివిడిగా సీరియల్ నంబర్లు లేవు. కవలలకి ఒకే పేరు పెట్టినట్టు, పిలిస్తే ఎవరు పలుకుతారో తెలియదు. అందుకని పక్కనున్న బై-పాత్ వాడాను. అది వైరుని కాదు, ఏ కన్నంలో దూర్చామో దాన్ని బట్టి పేరు పెడుతుంది. నీ సెట్టింగుల ఫైలులో రెండు వరసలూ మార్చాను, పాతవి ముందు హాష్ పెట్టి అలాగే ఉంచాను. కాటా కన్నం దగ్గర వదిన నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టాం, వైరు తలకాయకి కూడా. అన్నయ్య ఇప్పుడు కళ్ళు మూసుకుని పెట్టగలడు. తర్వాత కావాలనే పెట్టె ఆపి రెండుసార్లు లేపి చూశాను, మనిషి చెయ్యి పడకుండా దానంతటదే నడిచింది. ఆ పరీక్ష నువ్వు సంక్రాంతికే చేసి ఉండాల్సింది.

రెండో కేంద్రానికి కట్టబోయే పెట్టెలో యుఎస్‌బి వైరు ఖర్చు ఎందుకు, కాటాని నేరుగా పెట్టె పిన్నులకే కలుపుతానన్నావట. కాటా వెనక ఉన్నది ఆర్ఎస్-232 సీరియల్ పోర్టు. అందులో ప్లస్ మైనస్ వోల్టులు పది దాటినా దాటుతాయి, నీ పిన్నులు 3.3కే అలవాటుపడ్డవి. మధ్యలో వోల్టులు సరిచేసే మాక్స్3232 బోర్డు లేకుండా ముట్టుకున్నావో, పర్మిషన్ అడగడానికి పెట్టె కూడా మిగలదు. బోర్డు పెట్టాక కూడా డినైడ్ వస్తే డయలౌట్ ఒక్కటే చూసి ఆగకు. ఆ పోర్టు మీద లాగిన్ కన్సోల్, అంటే పెట్టెలోకి లాగిన్ అవమని అడిగే ప్రోగ్రాం, కూర్చుని ఉండొచ్చు. అప్పుడు ఎల్ఎస్‌లో గ్రూపు దగ్గర డయలౌట్ బదులు టిటివై అని కనిపిస్తుంది. పెట్టె సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌లో సీరియల్ పోర్టుకి వెళితే రెండు ప్రశ్నలు అడుగుతుంది. లాగిన్ షెల్ కావాలా అంటే వద్దను, హార్డ్‌వేర్ కావాలా అంటే కావాలను. రెండిటికీ వద్దంటే అసలు పోర్టే ఉండదు.

నీ పాస్‌వర్డ్ క్యాలెండరు వెనకాల రాసి ఉందని ఊళ్ళో సగం మందికి తెలుసు. పక్కింటి కుర్రాడు చెబితేనే నేను లోపలికి వెళ్ళింది. వచ్చే వారం వచ్చినప్పుడు మార్చు. కొత్త బ్యాటరీకి డబ్బులు మామయ్యే ఇచ్చుకుంటానన్నాడు. నీకు జున్ను పాలు పంపించాడు, ఫ్రిజ్‌లో పెట్టాను, వచ్చే ఆదివారం దాకా ఆగవు.

ఉంటాను,
అమ్మ