విప్పే ముందు వినరా శీనూ

తణుకు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

"కార్బొరేటర్ మూడుసార్లు క్లీన్ చేయించాన్రా, అయినా అదే మిస్సింగ్" అని, అంటే ఇంజిన్ మధ్యమధ్యలో దెబ్బ తప్పుతోందని, నిన్న ఫోన్లో నువ్వన్నప్పటి నుంచి నా మనసంతా మీ బాబాయిగారి బుల్లెట్ మీదే ఉంది. సగం చెప్పేసరికి నీకు ఆఫీసు కాల్ వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. బండి పక్కన పీట వేసుకుని కూర్చుని చదువు.

ముందు నాకొకటి చెప్పు. మిస్సింగ్ ఎక్కడొస్తోంది? యాక్సిలేటర్ ఎంత తిప్పితే వస్తోంది? ఇది తెలియకుండా నాలుగోసారి విప్పినా లాభం లేదు. ఒక పని చెయ్యి. హ్యాండిల్ గ్రిప్ మీద, పక్కనున్న కదలని భాగం మీద తెల్లటేపు అంటించి, స్కెచ్ పెన్నుతో పావు, సగం, ముప్పావు, ఫుల్లు గీతలు పెట్టుకో. బీచ్ రోడ్డులో పొద్దున్నే జనం లేనప్పుడు నడిపి, ఏ గీత దగ్గర మొరాయిస్తోందో చూడు. కార్బొరేటర్ పని పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపడం. మన బుల్లెట్ 350కి ఉండే మిక్‌కార్బ్ వీఎం24 కార్బొరేటర్‌లో ఒక్కో గీత దగ్గర ఒక్కో భాగం పెత్తనం చేస్తుంది. అసలు తిప్పనప్పుడూ, కొద్దిగా తిప్పినప్పుడూ పైలట్ జెట్టు (జెట్టంటే పెట్రోలు వెళ్ళే సన్న బెజ్జమున్న ఇత్తడి ముక్క), పక్కనున్న గాలి సర్దే ఎయిర్ స్క్రూ. పావు దాకా, గ్రిప్ తిప్పితే పైకి లేచే స్లైడ్ కింది కోత. పావు నుంచి ముప్పావు దాకా ఆ స్లైడ్‌కి వేలాడే సూది, అదే నీడిల్. ఆపైన మెయిన్ జెట్టు. ఐడ్లింగ్‌లో ఆగిపోయే బండికి మెయిన్ జెట్ మార్చే మెకానిక్‌ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మా నాన్న 1983 బండి సంగతి నీకు తెలుసుగా, తిరువొత్తియూరులో తయారైన కుడికాలి గేరు బండి. పోయిన ఏడాది దానికీ ఇదే జబ్బు. స్టాండ్ వేసి వదిలితే దానంతటదే రేజ్ అవుతుంది, మళ్ళీ పడిపోయి ఆగిపోతుంది. ఎయిర్ స్క్రూ లోపలికి తిప్పినా బయటికి తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. మామూలుగా అయితే బిగించే కొద్దీ పెట్రోలు వాటా పెరగాలి, వదిలే కొద్దీ గాలి పెరగాలి. స్క్రూకి బండి పలకలేదంటే పైలట్ దారి పూడుకుపోయి ఉండాలి, లేదా వేరేచోట దొంగగాలి దూరుతూ ఉండాలి. మా దగ్గరి మెకానిక్ పైలట్ జెట్టు కొత్తది వేశాడు. ఏం మారలేదు. లీకు అనుకుని కార్బొరేటర్ నట్లు రెండూ ఇంకా గట్టిగా బిగించాడు. జబ్బంతా అక్కడే ఉందిరా! కార్బొరేటర్‌ని ఇంజిన్‌కి బిగించే ఆ చదును అంచు, ఫ్లాంజ్ అంటారు, మెత్తటి లోహం. చివర్లు బిగించిన కొద్దీ నడుము విల్లులా వంగి, ఆ సందులోంచి గాలి పీలుస్తుంది.

నేను విప్పి అద్దం ముక్క మీద బోర్లా పెట్టి చూస్తే వెనకనుంచి వెలుతురు కనపడింది. అద్దం మీద 400 నంబరు గరుకు కాయితం పరిచి, నీళ్ళు చల్లి, కార్బొరేటర్‌ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ అరగంట నెమ్మదిగా రుద్దాను. ఫ్లాంజ్‌లో గాలి దూరకుండా ఉండే రబ్బరు చుట్టు, ఓ-రింగు, కొత్తది వేశాను. నట్లు ఇటొక పావు చుట్టు అటొక పావు చుట్టు బిగించాను, అంతే చాలు. ఇంజిన్ వేడెక్కాక ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, అక్కడినుంచి అటూ ఇటూ సర్దితే, నాన్న వరండాలో కళ్ళు మూసుకుని విని, "ఇప్పుడు దాని గొంతు దానికొచ్చిందిరా" అన్నారు.

నీ బండి రెండేళ్ళు విశాఖ ఉప్పుగాలిలో నిలబడి ఉంది కాబట్టి కార్బొరేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె అడుగున తెల్లపొడి ఉందేమో చూడు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని పాడుచేస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి వాడే ఛోక్ ఉంది కదా, దాని పిస్టన్ కింద చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్ని మర్చిపోతారు అందరూ. అది గట్టిపడితే ఛోక్ తీసేసినా లోపల కారుతూనే ఉంటుంది. ప్లగ్గు నల్లగా మసిపట్టి వస్తుంటే నీడిల్ కదిపేముందు ఆ బిళ్ళని చూడు. నీడిల్ సర్దాల్సి వస్తే, దాన్ని పట్టి ఉంచే క్లిప్పుని ఒక్క గాడి పైకి జరిపితే నీడిల్ కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. ఒక్క గాడే, రెండు కాదు.

జెట్టులో మాత్రం ఇనుప వైరు పెట్టి పొడవనివ్వకురా, నీకు దణ్ణం పెడతాను. ఇత్తడి మెత్తన. బెజ్జం పెద్దదైతే జెట్టు మీద చెక్కిన నంబరుకి ఇక విలువుండదు. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టించు. అంతకీ రాకపోతే గాలపు నైలాన్ దారం.

ఇంకోటి. నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళి ఆగిపోతోందని కూడా అన్నావు కదా. అది కార్బొరేటర్ కాకపోవచ్చు. ఫ్లాంజ్ బాగయ్యాక అత్తిలి రోడ్డులో నాకూ అలాగే ఆగింది. నేను వెంటనే స్పానర్ తీశాను. వెనక కూర్చున్న నాన్న దిగి, "ముందు ట్యాంకు మూత తియ్యరా" అన్నారు. తీయగానే "సుయ్" మని గాలి లోపలికి పీల్చింది. ఒక్క కిక్కుకి స్టార్ట్. నేను మోజుపడి వేసిన కొత్త మూతకి గాలిబెజ్జం పూడుకుపోయి ఉంది. ట్యాంకులోకి గాలి వెళ్ళకపోతే పెట్రోలు కిందికి ఎలా దిగుతుంది? చిన్నప్పుడు రైల్వే గేటు పడ్డప్పుడల్లా ఆయన మూత తీసి పెట్టడం చూసి, పెట్రోలు ఎంతుందో చూసుకుంటున్నారనుకునేవాణ్ణి.

ఈసారి ఆగినప్పుడు మూత తీసి చూడు. వెంటనే అందుకుంటే మూతే. మూత తీసినా పలక్కుండా, అరగంట చల్లారాకే స్టార్ట్ అయితే ఇగ్నిషన్‌లో పాయింట్లతో కలిసి పనిచేసే కండెన్సర్‌ని అనుమానించు. ప్లగ్గుకి నిప్పురవ్వ వచ్చేలా తెరుచుకుని మూసుకునే ఆ పాయింట్ల గ్యాపు కూడా కొలిపించు, అంగుళంలో వెయ్యో వంతుల్లో 14 నుంచి 16 ఉండాలి.

మీ బాబాయిగారు దసరాకి ఆ బండికి బొట్టుపెట్టి మామిడాకులు కట్టడం నాకింకా గుర్తే. దాన్ని అమ్మేస్తానని మాత్రం అనకు. టేపు మీద ఏ గీత దగ్గర మొరాయించిందో, మూత తీస్తే ఏమైందో, ప్లగ్గు ఏ రంగులో ఉందో ఈ మూడూ రాసి పంపు. ఓ-రింగులు నా దగ్గర రెండు ఎక్కువున్నాయి, వచ్చే శనివారం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేనే తెస్తాను. అద్దం ముక్క నువ్వు చూసి ఉంచు.

నీ
సూరి